ఇంక్లూడ్ ఆదేశం: ఒక విమర్శనాత్మక పరిశీలన

కాన్ఫిగరేషన్ ఫైలు మధ్యలో ‘ఇక్కడ ఫలానా ఫైలును కూడా చదువు’ అని ప్రోగ్రాముకు చెప్పే వాక్యమే ఇంక్లూడ్ ఆదేశం. దీని అవసరాన్ని ముందుగా ఒక ఉదాహరణతో గ్రహించండి.

హైదరాబాద్ పాతబస్తీలో ఒక వ్యాపారికి మూడు గాజుల దుకాణాలు ఉన్నాయనుకుందాం. రెండు లాడ్ బజార్‌లో, ఒకటి పత్తర్‌గట్టిలో. మూడింటిలో బిల్లింగ్ ప్రోగ్రాము ఒకటే. పన్ను రేటు ఉమ్మడి. ప్రింటరు మాత్రం ఏ దుకాణానిది దానిదే. ఉమ్మడి సెట్టింగులను ఒక ఫైలులో పెట్టి, ప్రతి దుకాణం ఫైలులోనూ దాన్ని ఇంక్లూడ్ చేస్తే, పన్ను మారినప్పుడు ఒక్కచోట దిద్దితే సరిపోతుంది.

అయితే ఒకే సెట్టింగు రెండు ఫైళ్ళలోనూ వేర్వేరుగా ఉంటే ఏది చెల్లుతుంది? ఈ ప్రశ్నకు అన్ని సాఫ్ట్‌వేర్లూ ఒకే జవాబు ఇవ్వవు. గిట్‌లో సాధారణంగా చివర చదివిన విలువ చెల్లుతుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో మొదట చదివినదే చెల్లుతుంది. దీని సర్వర్ ఫైలుకు ఇంక్లూడ్ సౌకర్యం 2020లో, 8.2 వెర్షన్‌తో వచ్చింది. ఉబుంటు ఆ ఆదేశాన్ని ఫైలు పైభాగంలోనే ఉంచింది. కాబట్టి ప్రధాన ఫైలులో దాని దిగువన మీరు ‘పాస్‌వర్డ్ లాగిన్ వద్దు’ అని రాసినా, చేర్చిన ఫైలులో ‘కావాలి’ అని ఉంటే అదే నెగ్గుతుంది. తలుపు మూశామని మీరు నిశ్చింతగా ఉంటారు; అది తెరిచే ఉంటుంది. నియమం తప్పు కాదు, మాన్యువల్‌లో స్పష్టంగా ఉంది. కానీ ఫైలును మాత్రమే చూసేవారికి అది కనిపించదు. లోపం అక్కడే ఉంది.

రెండవ ఉదాహరణ సుడో. దాని ఫైలులో హ్యాష్ గుర్తుతో మొదలయ్యే వాక్యం మామూలుగా కామెంట్. ఇంక్లూడ్ ఆదేశం కూడా అదే గుర్తుతో మొదలయ్యేది! కామెంటే కదా అని వదిలేసిన వాక్యం నిజానికి అధికారాలిచ్చే మరో ఫైలును లోపలికి తెస్తుంది. 2020లో వచ్చిన 1.9.1 వెర్షన్ ఎట్ గుర్తుతో కొత్త రూపాన్ని ఇచ్చింది. పాత ఫైళ్ళు చెడకుండా పాత రూపాన్నీ అంగీకరిస్తోంది. ఇది మెచ్చదగిన దిద్దుబాటు.

చేర్చవలసిన ఫైలు లేకపోతే ఏం జరగాలి? గిట్ మౌనంగా ముందుకు సాగుతుంది. ఫైలు పేరులో ఒక అక్షరం తప్పినా మీకు హెచ్చరిక రాదు. అపాచీ 2.4లో రెండు ఆదేశాలు ఉన్నాయి: ‘ఇంక్లూడ్’ అయితే లోపం చూపి ఆగిపోతుంది, ‘ఇంక్లూడ్ ఆప్షనల్’ అయితే ఊరుకుంటుంది. తప్పనిసరి ఏదో, ఐచ్ఛికం ఏదో రాసేవారే చెప్పగలుగుతున్నారు. ఈ విషయంలో అపాచీ పద్ధతే మేలు.

అయినా గిట్‌కు ఒక గొప్ప గుణం ఉంది. ‘షో ఆరిజిన్’ ఐచ్ఛికంతో అడిగితే, ప్రతి విలువా ఏ ఫైలు నుంచి వచ్చిందో చెబుతుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ పరీక్షా విధానం చివరికి చెల్లిన విలువలను చూపుతుంది కాని, అవి ఏ ఫైలువో చెప్పదు. ఫైళ్ళను విడదీసే సౌకర్యం ఇచ్చినవారు, విలువ పుట్టిన చోటును వెతికే సౌకర్యం కూడా ఇవ్వాలి. రెండవది లేని ఇంక్లూడ్ సగం పనే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పై వ్యాపారి ప్రోగ్రాములో మొదటి విలువే చెల్లుతుందనుకోండి. ఒక దుకాణానికి మాత్రం వేరే పన్ను రేటు పెట్టాలంటే, ఇంక్లూడ్ వాక్యాన్ని దుకాణం ఫైలులో ఎక్కడ ఉంచాలి? కారణం రాయండి.