అట్ట మీద లేని పేరు

రాసేది ఒకరు, పేరు ఇంకొకరిది. ఇంగ్లీషులో ఘోస్ట్ రైటర్ అంటారు. సినిమా కథలకీ నాయకుల ఆత్మకథలకీ ఇది మామూలే. ఒప్పుకుని రాశాడు, డబ్బు ముట్టింది, సరిపోయింది. మన పాటల దగ్గర లెక్క అంత తేలిగ్గా తెగదు.

హైమెన్‌డార్ఫ్ రాసిన 'ద రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' 1948లో లండన్‌లో అచ్చయింది. మన పుట్టుక కథలు, దేవుళ్ల కథలు అందులో ఉన్నాయి. ఆ పుస్తకానికి నేనూ రుణపడ్డాను, కాదనను. కానీ ఆ కథల్ని తరాల పాటు మోసింది కిక్రి వాయించి పాడే పర్ధాన్లు. ఏ సగ వాళ్ల ఇంట పాడితే ఆ సగ పెద్దల కథ పాడతారు. అందుకే ఎవరు పాడారన్నది కూడా కథలో భాగమే. లైబ్రరీలో మాత్రం హైమెన్‌డార్ఫ్ పేరుతోనే వెతకాలి.

నా సంగతీ చెప్పాలి. పదేళ్ల కిందట ఒక పరిశోధకుడికి పాటలు రికార్డు చేసి, గోండి నుంచి తెలుగు చేసి, అర్థాలు రాసిచ్చాను. పుస్తకం వచ్చింది. 'స్థానిక మిత్రులు' అన్న ఒక్క మాట తప్ప నా ఊసే లేదు. చాలా రోజులు మండిపోయాను.

మొన్న ఆ పాత నోటుబుక్కు తీశాను. పాట, తేదీ, ఊరు అన్నీ ఉన్నాయి. పాడిన పర్ధాన్ పెద్దాయన పేరు నేనూ రాయలేదు! ఆయన ఇప్పుడు లేరు. మనవడు మా బడిలోనే ఏడో తరగతి. పిలిచి అడిగాను.

"మా తాత పేరు ఎందుకు సార్?" అన్నాడు.