దేవుడికి వదిలినది

మా డెల్టా ఊళ్లలో అమ్మవారికి మొక్కి వదిలిన దున్నపోతు ఎవరి చేలో పడినా కర్రెత్తరు. దాన్ని కొనరు, అమ్మరు, కాడికి కట్టరు. జాతర దాకా అందరి కళ్లముందూ తిరుగుతుంది గాని ఊళ్లో ఎవరిదీ కాదు. పాత నిబంధనలో 'హేరెం' అనే హెబ్రీ మాట ఎదురైనప్పుడల్లా నాకా దున్నే గుర్తొస్తుంది. నిఘంటువు తీస్తే 'సర్వనాశనం' అని ఉంటుంది. అది ఆ మాట చేరుకున్న చివరి మెట్టు. మొదటి మెట్టు, మనిషి చేతిలోంచి తీసి దేవుడికి వదిలేయడం. వదిలింది మళ్లీ తిరిగి రాకూడదు, అందుకే నాశనం.

2006లో కొల్లేట్లో చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. దాన్ని ధ్వంసం అన్నాం, సరిగ్గానే అన్నాం. హేరెం అలాంటిది కాదు. హ, ర, మ అనే మూడు హల్లుల మూలం నుంచి హెబ్రీ రచయితలు ఎంత రాబట్టారో చూడండి! లేవీయకాండం 27లో ఒకడు తన పొలాన్ని హేరెం చేస్తే దాన్ని ఎవరూ తగలబెట్టరు, అది దేవుడి సొత్తవుతుంది. సంఖ్యాకాండం 18లో అలా వదిలినవన్నీ యాజకుడికి చెందుతాయి. యెరికో పట్టణ ముట్టడి దగ్గరికి వచ్చేసరికి అదే మాట కత్తి, నిప్పు అవుతుంది. ఆ పట్టణపు సొమ్ములోంచి ఆకాను అనే ఇశ్రాయేలీయుడు ఒక పైవస్త్రం, 200 తులాల వెండి, ఒక బంగారు కమ్మీ దాచుకున్నాడు. అతను దొంగిలించింది శత్రువు సొమ్ము కాదు, ముడుపు. యెహోషువ 7లో ఆ కథకుడి చేయి చూడాలి: హేరెంను ముట్టుకున్నందుకు ఇశ్రాయేలే హేరెం అయిపోయిందంటాడు. ఒక్క మాటను తిప్పి కొట్టాడు, కథంతా దానిమీద నిలబడింది. ఇంతటి పనితనం నేను మరెక్కడా చూడలేదు.

ఆ మాట ఇశ్రాయేలీయులదే అనుకోకండి. క్రీస్తుకు పూర్వం 9వ శతాబ్దిలో మోయాబు రాజు మేషా వేయించిన శాసనంలోనూ అదే మూలపు క్రియ ఉంది. నెబో పట్టణాన్ని తన దేవతకు అలాగే వదిలేశానని చెక్కించుకున్నాడు. 1868లో బయటపడిన ఆ రాయి ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

మన తెలుగు అనువాదకులను తలుచుకుంటే నాకు చేతులు జోడించాలనిపిస్తుంది. మిషనరీ షుల్జ్ 18వ శతాబ్దిలోనే తెలుగు బైబిలు పని మొదలుపెట్టాడు, విశాఖపట్నం మిషనరీలు, వారి పక్కన కూర్చున్న తెలుగు పండితులు కొనసాగించారు. పాత తెలుగు బైబిలు ఈ ఒక్క మాటనూ చోటును బట్టి 'ప్రతిష్ఠించుట' అంది, 'శపితము' అంది, 'నిర్మూలము' అంది. ఏ చోటికా చోట అతికినట్టుంటాయి. అయితే మూడింటినీ కలిపే దారం తెలుగులో తెగిపోయింది. గ్రీకులో హేరెంను 'అనాథెమ' అన్నారు. గుడిలో పెట్టిన కానుక అనే అర్థంతో మొదలై శాపంగా మారిన మాట అది. తెలుగులో 'ముడుపు' ఉండగా దాన్నెందుకు పక్కన పెట్టారా అని నాకు బెంగ. అయినా కొత్త అనువాదాలను పక్కన పెట్టుకుని చూసినా నా ఓటు పాతదానికే.

హేరెం అక్షరాలతోనే హెబ్రీలో 'వల' అనే అర్థమిచ్చే మాట కూడా ఉంది. యెహెజ్కేలు 26లో తూరు పట్టణం నేలమట్టమై వలలు ఆరబెట్టుకునే చోటవుతుంది, అక్కడున్నది ఆ వలే. కొల్లేటి గట్టున ఆరేసిన వలలు చూస్తూ పెరిగినవాడికి ఆ దృశ్యం ఎవరూ వివరించనక్కర్లేదు. కానీ వల వేరు, ముడుపు వేరు. రెండు మూలాలు వేరని పండితుల మాట. మన 'పాలు' లాంటిదే ఇదీ. గ్లాసులో పోసేదీ పాలే, కోతల తర్వాత పంచుకునేదీ పాలే.

ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. తాడేపల్లిగూడెంలో ఒక సభలో ఒక బోధకుడు మైకు పట్టుకుని, "హెబ్రీ మూలంలో హేరెం అంటే వల, కాబట్టి దేవుడు పక్కింటి విగ్రహారాధకుల మీద నాశనపు వల విసురుతున్నాడు" అని అరిచాడు. జనం హల్లెలూయ అన్నారు. ఫోన్లో అర్థాల పట్టిక తెరిచి, మొదట కనబడ్డ రెండు ముక్కలు అతికించి, దాన్ని 'మూలభాష' అని అమ్ముతున్నారు. నాసిరకం సరుకు ఇది. పైగా విషం. యెరికో కథ చదివి పక్కింటివాడి వైపు వేలు చూపేవాడు ఆకాను కథ దాకా చదవలేదు, ఆ కథలో హేరెం అయింది సొంత గుంపే.

యూదులు ఈ మాటను ఎంత జాగ్రత్తగా పట్టుకుంటారో చూడండి. మలాకీ గ్రంథం చిట్టచివరి మాట హేరెం. సమాజమందిరంలో అది చదివాక, ఆ మాటతో ముగియకూడదని, దానికి ముందు వచనాన్ని మళ్లీ చదివి గాని ముగించరు.

ఏలూరు, గూడెం చుట్టుపక్కల సంఘాల పెద్దలకు నేను దండం పెట్టి అడిగేది ఒక్కటే. హెబ్రీ అక్షరాలు 22. మన గుణింతాలు దిద్దిన పిల్లలకు అదేమంత బరువు కాదు. వేసవి బైబిలు బడుల్లో పాటలతోపాటు అవీ నేర్పించండి. పదేళ్ల పిల్ల లేచి, "అయ్యగారూ, ఆ మాట ఇక్కడ వల కాదండీ" అనాలి.