దొంగ కామ్, అసలు కామ్

ఇంజిన్‌లో ఒక్క బోల్టు విప్పకుండా, లాప్‌టాప్ తగిలించి, కాసేపట్లో ఇంటి కారుని రేసు కారులా తడబడేట్టు చేసి డబ్బు తీసుకుంటున్నారు. ఈ వారం నాకు కోపం తెప్పించింది ఇదే. ఐడ్లింగ్‌లో స్పార్క్‌ను అదేపనిగా ముందుకీ వెనక్కీ జరుపుతారు. ఆర్‌పీఎం పడుతూ లేస్తూ ఉంటుంది, సిగ్నల్ దగ్గర పక్కవాడు తల తిప్పి చూస్తాడు. ఘోస్ట్ కామ్ అని దానికో పేరు. లోపల తిరిగేది కంపెనీ వేసిన కామ్‌షాఫ్టే. పికప్ పిసరంత కూడా పెరగదు.

ఆ తడబాటు ఊరికే వచ్చేది కాదు. పెద్ద కామ్ వేస్తే ఇన్‌టేక్ వాల్వు ముందే తెరుచుకుంటుంది, ఎగ్జాస్ట్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది. రెండూ కలిసి తెరిచి ఉండే వ్యవధిని ఓవర్‌ల్యాప్ అంటారు. ఆరేడు వేల ఆర్‌పీఎంలో బయటికి దూసుకుపోయే పొగే కొత్త గాలిని లోపలికి లాగుతుంది. అదనపు శక్తి అక్కడిదే. ఎనిమిది వందల దగ్గర ఆ ఊపు ఉండదు. కాలిన పొగ ఇన్‌టేక్‌లోకి ఎగదన్నుతుంది, ఒక దఫా మండి మరో దఫా సరిగా మండక ఇంజిన్ తడబడుతుంది. పైన దొరికే లాభానికి కింద చెల్లించే ధర ఆ చప్పుడు. లాభం లేకుండా చప్పుడు మాత్రం కొనుక్కోవడం నాకు మింగుడు పడదు.

ఆ చప్పుడు విని బండి గుణం చెప్పగలిగిన మనిషి, షెడ్డు నడిపిన నెల్లూరు మేస్త్రీ, ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్తవాడు కాదు. చిన్నప్పుడు నన్ను షోలవరం రేసులకు తీసుకెళ్లింది ఆయనే. మద్రాసుకి ఉత్తరాన కలకత్తా రోడ్డు పక్కన యుద్ధకాలం నాటి రన్‌వే అది. 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వచ్చేదాకా దక్షిణాది రేసులకు అదే తిరునాళ్ల మైదానం. మారుతి 800 ఇంజిన్‌తో ఫార్ములా మారుతి కార్లు కట్టిన కరివర్ధన్ పేరు నేను మొదట విన్నదీ అక్కడే. ఆయన పేరు మీదే ఇవాళ కోయంబత్తూరులో కారి మోటార్ స్పీడ్‌వే ఉంది. జనం కార్ల రంగులు చూస్తుంటే మేస్త్రీ కళ్లు మూసుకుని కంచె దగ్గర నిలబడేవాడు. ఒక్కో ఇంజిన్ ఐడ్లింగ్ విని, "ఇది మలుపులో ఏడుస్తుంది, సాపులో పోతుంది" అని చెప్పేవాడు. మాట తప్పేది కాదు.

షెడ్డులో ఆయన పద్మినీ కార్ల కామ్‌షాఫ్టులు గ్రైండింగ్‌కి పంపించేవాడు. లోబ్ ముక్కు అలాగే ఉంచి బేస్ సర్కిల్ చిన్నది చేయిస్తే లిఫ్ట్ పెరుగుతుంది. తిరిగొచ్చాక మొదలయ్యేది అసలు పని. క్రాంక్ పుల్లీకి 360 డిగ్రీలు గీసిన అట్ట, సైకిల్ పుల్లతో ముల్లు. పిస్టన్ పైకొచ్చింది కదా అని కంటితో చూసి టాప్ డెడ్ సెంటర్ గుర్తు పెట్టనిచ్చేవాడు కాదు, ఎందుకంటే పైకొచ్చాక పిస్టన్ కొన్ని డిగ్రీల పాటు కదిలీ కదలనట్టు ఉంటుంది. స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి ఒక అడ్డు పెట్టి, ఇంజిన్‌ను చేత్తో ఒకవైపు తిప్పి అది తగిలినచోట ఒక గుర్తు, రెండోవైపు తిప్పి తగిలినచోట ఇంకో గుర్తు పెట్టేవాడు. సరిగ్గా ఆ రెంటికీ నడిమధ్య టాప్. ఆ తర్వాతే డయల్ గేజ్ తీసి వాల్వు ఎక్కడ తెరుచుకుంటోంది, ఎక్కడ మూసుకుంటోంది అని రాసుకునేవాడు.

"అబ్బయా, ఇన్‌టేక్ వాల్వు ఎప్పుడు మూసుకుంటాదో చెప్పు, బండి ఎట్టా పోతాదో నేను చెప్తా" అనేవాడు. అది అక్షరాలా నిజం. ఆలస్యంగా మూసుకుంటే కింది ఆర్‌పీఎంలో లోపలికొచ్చిన గాలిని పిస్టన్ మళ్లీ వెనక్కి నెడుతుంది, పైన మాత్రం ఇంకాస్త గాలి దూరుతుంది. పిస్టన్ మీద బంకమన్ను పరిచి, హెడ్ బిగించి, క్రాంక్‌ను రెండు చుట్లు తిప్పి, మళ్లీ విప్పి, వాల్వు అచ్చు పడినచోట మన్ను మందం కొలిచేవాడు. రెండు మిల్లీమీటర్ల కంటే తక్కువుంటే ఆ కామ్ ఆ ఇంజిన్‌కి కాదు. వాల్వు పిస్టన్‌కి బాగా దగ్గరయ్యేది టాప్ దగ్గర కాదు, దానికి ఇటూ అటూ ఓ పది డిగ్రీల దూరంలో అని నాకు చూపించింది ఆ మన్నే.

అదే షెడ్డులో పుట్టిన నా పాత గొడవ ఒకటి ఇక్కడ మళ్లీ ఎత్తాలి. కామ్ అమ్మేవాళ్లు "268 డిగ్రీలు" అని పెట్టె మీద వేస్తారు. వాల్వు ఎంత లేచిన దగ్గర్నుంచి కొలిచారో రాయరు. సీటు మీంచి కదలగానే కొలిస్తే ఒక లెక్క, ఒక మిల్లీమీటరు లేచాక కొలిస్తే ఇంకో లెక్క. ఆ ముక్క లేని అంకె మీద ఒక్క రూపాయి పెట్టకండి.

మేస్త్రీ షెడ్డులో చూసిన ఆ పనే నాచేత ఏళ్లతరబడి ఒక మాట రాయించింది: పెట్రోలు ఇంజెక్షన్ వచ్చాక మెకానిక్ చెవికి పని పోయిందని. ఘోస్ట్ కామ్ చూశాక ఆ మాటకు ఇంకాస్త బలం వచ్చిందనుకున్నాను.

ఇంతలో హైదరాబాద్‌లో నాకు తెలిసిన షెడ్డుకి ఒక ఎస్టీమ్ వచ్చింది. 1999 తర్వాతి పదహారు వాల్వుల బండి, 1298 సీసీ, కంపెనీ లెక్కలో 85 హార్స్‌పవర్. ట్రాక్ మీద తిప్పడానికి కట్టుకున్నది. కొత్త కామ్, గట్టి స్ప్రింగులు, జరుపుకోగలిగే కామ్ పుల్లీ, విడిగా కొన్న ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్. అక్కడి మేస్త్రీ అన్నీ శాస్త్రోక్తంగా కొలిచి బిగించాడు. బండి పైన కేక పెట్టి లాగుతోంది, కింద నిలబడడం లేదు. ప్లగ్గులు తీస్తే మసి.

ఆ మసికి మూలం ఓవర్‌ల్యాపే. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఉంటుందన్న నమ్మకం మీద ఈసీయూ పెట్రోలు లెక్క కడుతుంది. మామూలు కామ్‌తో అక్కడి ఒత్తిడి ముప్పై ముప్పై అయిదు కిలోపాస్కల్స్ ఉంటే, పెద్ద కామ్‌తో యాభై దాటి, పైగా ఊగుతూ ఉంటుంది. ఎవరో యాక్సిలరేటర్ తొక్కుతున్నారనుకుని ఈసీయూ పెట్రోలు పోస్తుంది. సైలెన్సర్ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సార్ ఇంకో అబద్ధం చెబుతుంది. మండకుండా జారిపోయిన గాలిలో ఆక్సిజన్ ఉంటుంది కదా, అది చూసి మిశ్రమం పలచబడిందంటుంది. ఈసీయూ ఇంకాస్త పోస్తుంది.

ఆ బండిని దారికి తెచ్చింది ఘోస్ట్ కామ్‌లు వేసే ఒక కుర్రాడే. ముందు ఐడ్లింగ్‌లో ఆక్సిజన్ సెన్సార్ మాట వినడం ఆపించాడు. ఐడ్లింగ్‌ను వెయ్యికి పైన పెట్టాడు. పెట్రోలు టేబుల్ కింది గళ్లలో ఒత్తిడిని వదిలేసి థ్రాటిల్ ఎంత తెరుచుకుందో, ఆర్‌పీఎం ఎంతో, ఆ రెంటితోనే పెట్రోలు లెక్క కట్టించాడు. ఆ తర్వాత స్పార్క్ టేబుల్ తెరిచాడు. "అంకుల్, బండిని ఊపడానికి నేను వాడేది ఇదే. ఇప్పుడు తిరగేస్తున్నా" అన్నాడు. ఆర్‌పీఎం లక్ష్యం కంటే పడితే స్పార్క్ రెండు మూడు డిగ్రీలు ముందుకి, లేస్తే అంతే వెనక్కి. ఆ అంకె ఎక్కువైతే ఊగుడు, తక్కువైతే ఆగిపోవడం. చెవి సైలెన్సర్ వైపు, కళ్లు గ్రాఫ్ మీద పెట్టి, ఒక్కో గడి మార్చి, ఆగి, విని, మళ్లీ మార్చాడు. షోలవరం కంచె దగ్గర నేను చూసిన పనే అది. చెవికి పని పోలేదు, పెరిగింది. ఇంజెక్షన్ మీద నా ఫిర్యాదు ఈ బండి ముందు నిలవదు. దొంగ కామ్ నాకు ఇప్పటికీ నచ్చదు. ఆ పిల్లవాడి విద్య మీద మాత్రం గౌరవం కలిగింది.

ఆ గ్రాఫే హైదరాబాద్ షెడ్డు మేస్త్రీకీ ఉపయోగపడింది. ఎస్టీమ్‌లో కామ్ ఒక్కటే కాబట్టి ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ లోబ్‌ల మధ్య దూరం గ్రైండింగ్‌లోనే ఖాయమైపోతుంది. మొత్తం కామ్‌ను ముందుకో వెనక్కో జరపడమే మిగిలేది. నాలుగు వేల దగ్గర బండి సోలుతోందని చూసి పుల్లీని నాలుగు డిగ్రీలు ముందుకు జరిపారు, పెట్రోలు టేబుల్ మళ్లీ కట్టారు.

ఇలాంటివి రోడ్డు బండికి వద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పదు, పొగ పరీక్షా ఒప్పదు. రోడ్డు మీద కింద నిలకడా, పైన లాగుడూ రెండూ కావాలంటే ఒక్క కామ్ ఎలాగూ చాలదు. 1989లో హోండా ఇంటెగ్రాలో వీటెక్ పెట్టి, ఒకే షాఫ్టు మీద రెండు రకాల లోబ్‌లు చెక్కి, 1.6 లీటర్ల ఇంజిన్ నుంచి 160 హార్స్‌పవర్ తీసింది అందుకే. ట్రాక్ కోసమే అయితే కామ్‌కి ఎంత పెడుతున్నారో అంతకు తక్కువ కాకుండా వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్‌కీ ట్యూనింగ్ గంటలకూ తీసిపెట్టుకోండి.

ఎస్టీమ్‌కి ఇంకా పొద్దుటి పూట స్టార్టింగ్ కుదరాలి. చల్లటి ఇంజిన్‌కి ఎంత పెట్రోలు అదనంగా పోయాలో ఆ టేబుల్‌లో ఒక అంకె మార్చి సెల్ఫ్ కొడితే ఇంజిన్ వేడెక్కిపోతుంది, రెండో ప్రయత్నానికి మర్నాటి దాకా ఆగాలి. కుర్రాడు తెల్లవారుజామున వస్తున్నాడు, ఒక అంకె మార్చి రాసుకుని వెళ్తున్నాడు.