అహమ్మదాబాదు పోళ్లు: నిలుపదగినది, విడువదగినది

ప్రాచీనమను మాట చెవి సోకినంతనే కైమోడ్చువారు కొందఱు, ముఖము త్రిప్పుకొనువారు కొందఱు. పూర్వుల గృహములను పరీక్షించునెడ నీ రెండు వైఖరులును కొఱగావు. ఏది నిలుపదగినది, ఏది విడువదగినది యని విచారించుటయే విమర్శనము. ఇందులకు అహమ్మదాబాదు నగరమందలి పోళ్లు తగిన నిదర్శనము.

సుల్తాను అహమ్మదుషా 1411లో సాబర్మతీ తీరమున స్థాపించిన యీ నగరమును 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ నగరముగా నంగీకరించెను. భారతదేశమున నీ గౌరవమును పొందిన మొదటి నగర మిదియే. పోళనగా నొక ద్వారమును, దానిలోపల నిరుకైన సందులును, వాని కిరుప్రక్కల గోడకు గోడ చేర్చి కట్టిన యిండ్లును గల పేట. సంస్కృతమందలి ప్రతోళీశబ్దమే యీ పేరునకు మూలము.

ఇంటిముందు అరుగు, లోపల నాకాశమునకు తెఱచిన ముంగిలి, దానిచుట్టు గదులు. మన మండువా లోగిలి నెఱిగినవారికిది క్రొత్త గాదు. సందు లిరుకగుటచే నిండ్ల నీడ యొకదానిపై నొకటి పడి యెండతాపము తగ్గును. యాత్రికులు చెక్కడపు స్తంభములను మెచ్చుకొందురు. అంతకంటె మెచ్చదగినది ముంగిలి క్రింది టాంకా. వానకాలమున కప్పుపై పడిన నీరు గొట్టములగుండ భూమిలోని గచ్చు తొట్టిలోనికి దిగి త్రాగుటకు నిలువయుండును. కడవ మోయు స్త్రీల శ్రమను తగ్గించు నేర్పు శిల్పముకంటె తక్కువది గాదు. ఇటుకగోడలలో కొయ్యదూలములు కూర్చిన పద్ధతియు నట్టిదే. 2001 జనవరి 26వ తేది భూకంపమున నా నగరమందు క్రొత్త కాంక్రీటు మేడలు కొన్ని కుప్పకూలగా, పోళ్లలోని పాత యిండ్లు పెక్కు నిలిచెను.

ఇక ద్వారమును గూర్చి. దొంగలనుండియు నల్లరులనుండియు రక్షణకై యది యేర్పడెను. కాని పోళ్లు చాలవఱకు నొక్కొక్క కులమువారికో, మతమువారికో నివాసములయ్యెను. ఇల్లమ్మదలచినవాడు మొదట పోళువారికే చూపవలెనను కట్టడియు నుండెడిది. ఇరుగుపొరుగుల యైకమత్యమునకిది తోడ్పడెనని కొందఱందురు. తోడ్పడెను, నిజమే. కాని జన్మముచే గిరిగీసిన యైకమత్యము వెలుపలివాని కవమానము. మన యగ్రహారములును ఈ దోషమునకు దూరము గావు.

నగరపాలక సంఘము 1996లో వారసత్వ శాఖను నెలకొల్పి, 1997లో పాదయాత్రల నారంభించి ప్రజల దృష్టి నిటు మరలించుట ప్రశంసనీయము. అయినను కుటుంబములు పెక్కు నదికావలి పేటలకు తరలిపోగా, కొన్ని యిండ్లు గిడ్డంగులయ్యెను, కొన్ని తాళములు పడియున్నవి. లంబేశ్వర పోళులో, కవి దళపత్‌రాము (1820–1898) నివసించిన చోట, నేడాయన విగ్రహము కూర్చుండియున్నది. విధవా పునర్వివాహమును సమర్థించిన యా కవికి విగ్రహ మొక్కటియే తగిన స్మారకము గాదు.

కావున పాత యిండ్లను కాపాడువారు కొయ్యకు నూనె రాచి తృప్తినొందరాదు. ముంగిలిని, నీటితొట్టిని, అరుగును నిలుపుడు. వానిలో కాపురముండువారికి మరమ్మతులకు సాయము చేయుడు. అద్దెకు వచ్చినవాని కులమతముల నడుగు నాచారమును మాత్రము విడువుడు. ద్వారము చూచుటకు నిలిచియుండవచ్చును. దాని తలుపు మాత్రమెవ్వరికిని మూయబడరాదు.