సర్కారు తుమ్మ పేరులోనే విమర్శ

శ్రీరంగాపూర్ మీద రాసేవాళ్లు రంగనాయకస్వామి గుడి, రంగసముద్రం అందం చెప్పి ఊరుకుంటారు. పాలమూరు చెరువుగట్ల మీద పచ్చగా కనిపించేది ఏ చెట్టో అడగరు. 1870లలో బ్రిటిష్ అటవీ అధికారులు వంటచెరకు కోసం తెప్పించిన అమెరికా ముళ్లచెట్టుకు జనం 'సర్కారు తుమ్మ' అని పేరు పెట్టుకున్నారు. తెచ్చిందెవరో పేరులోనే చెప్పేశారు. ఇంతకంటే పదునైన విమర్శ మేం అచ్చులో చూడలేదు.

అడవి మీద వచ్చే కవితల్లో ఇప్ప పూస్తూనే ఉంటుంది. పక్కనే నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ అడవిని అల్లుకుంటున్న లాంటానా మాత్రం పూయదు. అది కమ్మినచోట గడ్డి మొలవదు, దుప్పి నిలవదు. పులికి వేట, చెంచులకు దుంప దూరమవుతాయి. కొమ్మ నరికితే మళ్లీ చిగురిస్తుంది. వేరుమొదలు పెకలించి, ఆ చోట అడవి గడ్డినే మొలిపించాలి. ఏ గడ్డో తెలిసింది చెంచులకే. గిట్టుబాటు కూలి ఇచ్చి వాళ్లకే అప్పగించాలి.