చిలకపలుకు దాటని ఇంగ్లీషు: మదనపల్లె, పుంగనూరు, కుప్పం నేపథ్యంలో భాషాబోధన – ఒక విమర్శ

ప్రవేశిక

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరు 5న వెలువరించిన 81వ సంఖ్య ఉత్తర్వు ప్రభుత్వ పాఠశాలల బోధనమాధ్యమాన్ని ఇంగ్లీషుకు మార్చాలని నిర్దేశించింది. 2020 ఏప్రిల్ 15న రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం దానిని కొట్టివేసింది. ఆ వివాదం సాగినంతకాలం పండితులూ పాలకులూ పత్రికలూ ఒకే ప్రశ్న వేసుకున్నారు: ఏ మాధ్యమం? బడికి వచ్చిన పిల్లవాడు ఇంగ్లీషు వాక్యాన్ని చదివి అర్థం చేసుకోవడం, తన మాటను ఇంగ్లీషులో రాయడం ఎట్లా నేర్చుకుంటాడన్న ప్రశ్న మరుగున పడింది. మాధ్యమం వేరు, అక్షరాస్యత వేరు. ఈ రెంటినీ ఒకటిగా భావించడమే నేటి చర్చలోని ప్రధాన దోషం.

ఈ దోషాన్ని పరిశీలించడానికి పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి భాగం అనువైన క్షేత్రం. మదనపల్లెకు నూరేళ్లకు మించిన ఇంగ్లీషు విద్యాచరిత్ర ఉంది. పుంగనూరు కన్నడ సీమకు ఆనుకొని ఉంది. కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. పిల్లల ఇంటిమాటను బడి గుర్తించనంతవరకు ఇంగ్లీషు చదువు ఉచ్చారణ ప్రదర్శనగానే మిగులుతుందనీ, పుస్తకపు తెలుగు ఆ ఇంటిమాట స్థానాన్ని భర్తీ చేయలేదనీ నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

గిరీశం నేర్పిన పాఠం

ఇంగ్లీషు బోధనపై తెలుగులో వచ్చిన తొలి గట్టి విమర్శ విద్యాశాస్త్ర గ్రంథంలో లేదు, నాటకంలో ఉంది. గురజాడ అప్పారావు 1909లో ప్రకటించిన ‘కన్యాశుల్కం’ రెండవ కూర్పులో, గిరీశం, వెంకటేశం ఇంగ్లీషులో మాట్లాడుకుంటే వినాలని వెంకటేశం తల్లి వెంకమ్మ ముచ్చటపడుతుంది. గురుశిష్యులు సంభాషణ జరపరు. పాఠ్యపుస్తకంలోని పద్యపంక్తులనూ వ్యాకరణ సూత్రాలనూ ఒకరి వెనుక ఒకరు అప్పజెబుతారు. తల్లికి అది గొప్ప సంభాషణగా వినిపిస్తుంది.

ఈ సన్నివేశంలో గిరీశం మోసాన్ని మాత్రమే చూడడం పరిపాటి. మోసం చెల్లడానికి వీలు కల్పించిన పరిస్థితి అంతకన్నా ముఖ్యం. అక్కడ పరీక్షించేవారికి ఆ భాష రాదు. కనుక అర్థం ఉందా లేదా అన్న ప్రశ్న పుట్టదు, ధ్వని ఉంటే చాలు. కొడుకు భవిష్యత్తు కోసం ఆ తల్లి పడే ఆరాటంలో కల్మషం లేదు. దానిని వాడుకొనే బోధనలోనే లోపం ఉంది. నేడు పాఠశాల వార్షికోత్సవంలో తన బిడ్డ వేదికపై ఇంగ్లీషు పద్యం చెబుతుంటే కళ్లు చెమర్చే తల్లి వెంకమ్మ వంశంలోనిదే. ఆమెను నవ్వుకునే హక్కు విమర్శకునికి లేదు. ఇంగ్లీషు అందని కులాలకూ వర్గాలకూ అది విముక్తి సాధనమని కంచ ఐలయ్య వంటివారు చేస్తున్న వాదనను ఈ కోణం నుంచే గౌరవించాలి. ఆ తల్లికి ధ్వనినిచ్చి అర్థాన్ని దాచుకోవడం అన్యాయం.

అక్షరం వద్ద మొదలయ్యే చిక్కు

తెలుగు లిపిలో అక్షరానికీ ఉచ్చారణకూ పొంతన ఎక్కువ. గుణింతం వచ్చిన పిల్లవాడు తెలియని మాటనైనా పలకగలడు. ఇంగ్లీషులో ఈ నమ్మకం నిలవదు. ‘ఎ’ అనే ఒకే అక్షరం ‘క్యాట్’, ‘కార్’, ‘కేక్’, ‘బాల్’ అనే మాటల్లో నాలుగు తీరులుగా పలుకుతుంది. ‘సి’ అక్షరం ‘సిటీ’లో ఒక ధ్వని, ‘క్యాట్’లో మరొక ధ్వని. పైగా తెలుగు మాటలు అచ్చుతో ముగియడానికి మొగ్గుచూపుతాయి. అందుచేతనే ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటలు బస్సు, పెన్ను, రోడ్డు అయినాయి. పల్లె నోట స్కూలు ‘ఇస్కూలు’ అయింది. ఇవి పిల్లల తప్పులు కావు, మాతృభాష ధ్వనిసూత్రాలు. ఈ సంగతి తెలిసిన ఉపాధ్యాయుడు ‘బస్సు’లోని చివరి ఉకారం ఇంగ్లీషు రాతలో ఎందుకు లేదో వివరించి, దానినే పాఠంగా మలచగలడు. తెలియని ఉపాధ్యాయుడు బెత్తం ఎత్తుతాడు.

ఈ ప్రాంతపు పిల్లల వద్ద ఇంగ్లీషు మాటల నిల్వ కూడా తక్కువేమీ కాదు. మదనపల్లె టమోటా మార్కెట్టు దేశంలోని పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటి. రేటు, లోడు, బాక్సు, గ్రేడు, లారీ వంటి మాటలు రైతుబిడ్డకు బడికి రాకముందే పరిచయం. డ్రిప్పు, మోటారు, స్టార్టరు అతని పొలంలో ఉన్నాయి. పట్టుపురుగులు పెంచే పుంగనూరు, కుప్పం పల్లెల్లో మల్బరీ నిత్యవ్యవహార పదం. అర్థం ముందే తెలిసిన ఈ మాటల వర్ణక్రమంతో చదువు మొదలుపెడితే పిల్లవానికి భాష కొత్త కాదు, లిపి మాత్రమే కొత్త. తొలి పాఠం యాపిల్‌తో కాక టమోటాతో ఎందుకు మొదలుకాకూడదు?

ఎదురెదురు పుటలు

2020–21 విద్యాసంవత్సరం నుంచి రాష్ట్రంలో ద్విభాషా పాఠ్యపుస్తకాలు ప్రవేశించాయి. ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు. ఇంగ్లీషు మాత్రమే ఉన్న పుస్తకం కంటే ఇది మేలైన ఆలోచన. అయితే తెలుగు పుట పిల్లవానికి తెలిసిన నేల అన్న ఊహపై ఈ ఏర్పాటు ఆధారపడింది. ఆ ఊహ పూర్తిగా నిలవదు.

చిత్తూరు సీమ పిల్లవాడు ఇంట్లో ‘ఉర్లగడ్డ’ తింటాడు. పుస్తకంలో అది ‘బంగాళాదుంప’, ఎదుటి పుటలో ‘పొటాటో’. అట్లాగే ఎర్రగడ్డ, ఉల్లిపాయ, ఆనియన్. చెనక్కాయ, వేరుశనగ, గ్రౌండ్‌నట్. అంటే పిల్లవాడు ఎక్కవలసిన మెట్లు రెండు కావు, మూడు. మొదటి మెట్టు పుస్తకంలో లేదు. పై తరగతుల శాస్త్రపాఠాల్లో ఈ దూరం మరింత పెరుగుతుంది. ‘ఫొటోసింథసిస్’ అర్థంకాక ఎడమకో కుడికో చూపు తిప్పిన బాలికకు అక్కడ ‘కిరణజన్య సంయోగక్రియ’ కనిపిస్తుంది. ఆమెకు రెండూ సమానంగా పరాయివి. ఎదుటి పుట అద్దమైంది కానీ వంతెన కాలేదు.

ఈ లోటును సాహిత్యకారుడు ముందే గుర్తించాడు. చిత్తూరు మాండలికాన్ని కథాభాషగా నిలబెట్టిన నామిని సుబ్రమణ్యం నాయుడు ‘పిల్లల భాషలో ఆల్జీబ్రా’ రాశారు. ఆ పేరులోనే ఒక బోధనసిద్ధాంతం ఉంది: ఆల్జీబ్రా అన్న ఇంగ్లీషు మాటను ఆయన తొలగించలేదు, దానిని బీజగణితం చేయనూ లేదు. వివరించే భాషను మాత్రం పిల్లలది చేశారు. మాండలికం కథకే పనికివస్తుందనీ, శాస్త్రానికి తగదనీ భావించే విమర్శకు ఇది సమాధానం.

రిషివ్యాలీ: ఆదర్శమూ ఆక్షేపణా

1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషివ్యాలీ విద్యాలయం ఆ ఊరికి సమీపంలోనే ఉంది. 1980ల చివరి నుంచి ఆ సంస్థ చుట్టుపక్కల పల్లెల్లో ఏకోపాధ్యాయ ఉపగ్రహ పాఠశాలలను అభివృద్ధి చేసింది. రమ, పద్మనాభరావు దంపతుల కృషితో రూపొందిన ఆ పద్ధతిలో పాఠ్యాంశం చిన్న చిన్న కార్డులుగా విడిపోతుంది. వాటిని క్రమంలో పెట్టే ‘అభ్యసన నిచ్చెన’ను ప్రతి బిడ్డా తన వేగంతో ఎక్కుతుంది. పల్లె కథలూ పాటలూ బోధనసామగ్రి అయినాయి. చదువుకు పునాది తెలుగే. 1995లో కర్ణాటకలోని హెగ్గడదేవనకోటెలో మొదలైన ‘నలి కలి’, తరువాత తమిళనాడులో వచ్చిన కృత్యాధార బోధన ఈ పద్ధతి నుంచి స్ఫూర్తి పొందాయి. పొరుగు రాష్ట్రాలు ఇక్కడికి వచ్చి నేర్చుకున్నాయి.

అయితే ఇక్కడ ఒక ఆక్షేపణను దాటవేయరాదు. రిషివ్యాలీ ప్రధాన వసతి విద్యాలయం ఇంగ్లీషు మాధ్యమంలో నడుస్తుంది. పల్లె బడులు తెలుగులో నడుస్తాయి. దూరప్రాంతాల బిడ్డకు ఇంగ్లీషు, పొరుగు పల్లె బిడ్డకు తెలుగా అని ఒక తండ్రి అడిగితే విద్యాశాస్త్ర సూత్రాలు చెప్పి తప్పించుకోలేము. తెలుగు పునాది అన్నది ఇంగ్లీషును వాయిదా వేసే సాకు కాకూడదు. తెలుగులో చదవడం వచ్చిన బిడ్డకు ఇంగ్లీషు చదవడం, రాయడం శ్రద్ధగా, నిశ్చిత క్రమంలో నేర్పినప్పుడే ఆ సూత్రానికి నైతిక బలం కలుగుతుంది.

కుప్పం వేసే ప్రశ్న

ఇంతవరకు మాతృభాష అంటే తెలుగని అనుకున్నాం. కుప్పం ఈ అనుకోలును పరీక్షకు పెడుతుంది. ఇక్కడ ఇంట తమిళమో కన్నడమో ఉర్దూయో మాట్లాడే బిడ్డకు బడి తెలుగే రెండవ భాష. ద్విభాషా పుస్తకం ఆ బిడ్డకు రెండు పరాయి పుటలను ఇస్తుంది. కనుక మాతృభాషావాదాన్ని తెలుగు మాధ్యమవాదంగా కుదించడం కూడా ఒక రకం అధికారమే. సవర బాలలకు సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చి వాచకాలు రాసిన గిడుగు రామమూర్తి ఈ సంగతి ఎరుగుదురు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన వాదమూ, సవర కోసం చేసిన శ్రమా ఒకే సూత్రానికి రెండు ముఖాలు.

కుప్పం సంతలో మూడు భాషల్లో బేరమాడే బిడ్డ భాషాశక్తి లేనిది కాదు. ఒక మాటను మరొక భాషలోకి మార్చడం ఆమెకు నిత్యాభ్యాసం. 1997లో పొరుగు రాష్ట్రాల సహకారంతో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడింది కూడా ఇదే ఊళ్లో. ఉన్నతవిద్యలో తులనాత్మక అధ్యయనానికి యోగ్యమైన ఈ బహుభాషాస్థితి, ఒకటవ తరగతిలో మాత్రం అడ్డంకిగా ఎందుకు లెక్కకు వస్తున్నది?

ముగింపు

1915లో వెలసిన మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు 1919లో రవీంద్రనాథ ఠాకూరు అతిథిగా వచ్చారు. ‘జనగణమన’ను ఆయన ఇంగ్లీషులోకి మార్చింది అక్కడే. ఆ ఊళ్లో పుట్టిన ఇంగ్లీషు రచనల్లో బహుశా అన్నిటికన్నా ప్రసిద్ధమైనది ఒక అనువాదం. బెంగాలీలో నిలబడి ఆయన ఇంగ్లీషును అందుకున్నారు.

మహాకవికి తగిన మార్గం పసిబిడ్డకు తగదనడానికి కారణం లేదు. ద్విభాషా పుస్తకానికి ప్రాంతీయ పదసూచిని జోడించడం, తొలి పాఠాలకు పరిసరాల్లోని ఇంగ్లీషు మాటలను ఎంచుకోవడం, అనువాదాన్ని దొంగచాటు వ్యవహారంగా కాక తరగతి గదిలో ప్రత్యక్ష అభ్యాసంగా నడపడం, సరిహద్దు మండలాల్లో ఇంటిభాష ఎరిగిన ఉపాధ్యాయులను నియమించడం – ఇవి మాధ్యమ వివాదం తీరేవరకు ఆగవలసిన పనులు కావు. బిడ్డ చదివిన ఇంగ్లీషు వాక్యాన్ని ‘అంటే ఏమిటి?’ అని తల్లి అడిగినప్పుడు, తల్లికి అర్థమయ్యే మాటలో ఆ బిడ్డ చెప్పగలగాలి. వెంకటేశం ఆనాడు తప్పించుకున్న పరీక్ష అదే.