చేతికి దొరికిన దడ

గుండె లయ తప్పే జబ్బుతో పెద్ద చిక్కు ఒకటుంది. డాక్టరు ముందు కూర్చునే వేళకు అది సర్దుకుని ఉంటుంది. రాత్రి రెండింటికి ఛాతీలో ఏదో ఎగిరెగిరి పడుతుంది. తెల్లారాక నిర్మల్‌లో బస్సెక్కి నిజామాబాదుకో, 200 కిలోమీటర్లు దాటి హైదరాబాదుకో చేరేసరికి ఈసీజీ పట్టీ మీద గీతలన్నీ బుద్ధిగా వరుస కట్టి ఉంటాయి. "రాత్రి గుండె ఎట్లనో కొట్టుకున్నది సారూ" అంటే, "ఇప్పుడైతే మంచిగనే ఉన్నది కదా" అంటారు. ఇద్దరి మాటా నిజమే. రాత్రి జరిగినదానికి సాక్ష్యమే లేదు.

నాకు ఆ సాక్ష్యం మణికట్టు మీద దొరికింది. దుబాయ్‌లో పని చేసే మా అబ్బాయి సెలవుకు వస్తూ తెచ్చిన వాచీ అది. ఒకప్పుడు గల్ఫ్ నుంచి మా జిల్లాకు వచ్చే పెట్టెల్లో టేప్ రికార్డర్లు, సెంటు సీసాలు ఉండేవి. ఇప్పుడు అమ్మానాన్నల కోసం ఇలాంటి వాచీలు వస్తున్నాయి. చాలా ఇళ్లలో అవి అడుగులు లెక్కపెట్టడానికే పనికొస్తున్నాయి. అందుకే ఈ వారం దాన్ని వాడే తీరు గురించి రాయాలనిపించింది.

నాకున్న జబ్బును డాక్టర్లు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. గుండె పై గదులు ఒక్కసారిగా ముడుచుకోవాల్సింది పోయి ఊరికే వణుకుతుంటాయి. ఎడమ పై గదికి చిన్న సంచి లాంటి మూల ఒకటుంది. కదలిక తగ్గిన రక్తం అక్కడ గడ్డకడుతుంది. ఆ గడ్డ ఊడి మెదడుకు చేరితే పక్షవాతం. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ ఊరి జనాన్ని దశాబ్దాల పాటు గమనించినవారు, ఈ జబ్బు ఉన్నవాళ్లకు పక్షవాతం ముప్పు దాదాపు 5 రెట్లని 1991లో లెక్క తేల్చారు. దడ దానంతట అదే తగ్గిపోయినా ముప్పు తగ్గిపోదు. కొందరికి దడ కూడా తెలియదు. చేయి పడిపోయాకే మొదటిసారి ఆ పేరు వింటారు.

వాచీ రెండు రకాలుగా పని చేస్తుంది. వెనక వైపు ఆకుపచ్చ వెలుగు చర్మంలోకి దిగి, ప్రతి కొట్టుకోలుకూ రక్తం ఎంత పొంగుతోందో చూస్తుంది. కొట్టుకోలుకూ కొట్టుకోలుకూ మధ్య ఎడం పదే పదే గాడి తప్పితే హెచ్చరిక పంపుతుంది. చేయి కదలకుండా ఉన్నప్పుడే ఈ చూపు సరిగ్గా పని చేస్తుంది. పొద్దంతా బీడీలు చుట్టే చేతికి నిద్రలో తప్ప ఆ నిలకడ ఎక్కడిది? చేతినిండా గాజులుంటే వాచీని కాస్త పైకి జరిపి బిగించాలి. మా ఆదిలాబాద్ వైపు చలికి చర్మం పొడిబారుతుంది, వేళ్లకు రక్తం తగ్గుతుంది. పొద్దుగాల చేతులు రుద్దుకుని వెచ్చచేసుకున్నాకే నేను వాచీని తాకుతాను.

రెండోది ఈసీజీ. అన్ని వాచీలకూ ఇది ఉండదు. రెండు వేలకు దొరికేవి వెలుగుతో లెక్కే పెడతాయి. ఆపిల్ వాచీలో ఈ వసతి 2018 చివర అమెరికాలో మొదలై, మన దేశానికి 2019 సెప్టెంబరులో వచ్చింది. ముంజేతిని బల్ల మీద ఆనించి, రెండో చేతి వేలిని పక్కనున్న బొత్తం మీద తేలిగ్గా ఉంచి, 30 సెకన్లు మాట్లాడకుండా కూర్చోవాలి. ఈ కూర్చోవడమే కష్టం. దడ మొదలైనప్పుడు మనిషి లేచి తిరుగుతాడు, నీళ్లు తాగుతాడు, ఇంట్లోవాళ్లను లేపుతాడు. ముందు కూర్చోవడం అలవాటు చేసుకోవాలి. నేను ఆరోగ్యంగా ఉన్న పూటల్లో కూడా పట్టీ తీసి పెట్టుకున్నాను. నా గుండె మామూలుగా ఎలా ఉంటుందో తెలిస్తేనే తప్పినప్పుడు పోల్చగలను.

పట్టీ చదవడం డాక్టరు పనే. అయినా చూసే కొద్దీ కంటికి కొంత తెలుస్తుంది. ప్రతి పెద్ద కొన ముందూ ఒక చిన్న గుట్ట ఉండాలి. అది పై గదులు కదిలిన గుర్తు. ఫిబ్రిలేషన్ వచ్చినప్పుడు ఆ గుట్ట పోతుంది, ఆ చోట గీత సన్నగా వణుకుతుంది, కొనల మధ్య దూరం ఎక్కడా కుదురుగా ఉండదు. మొదటిసారి అది చూసినప్పుడు నాకు భయం కంటే ముందు ఊరట కలిగింది. నేను ఊహించుకోలేదన్నమాట. ఆ పట్టీని పీడీఎఫ్‌గా వాట్సాప్‌లో పంపాను. డాక్టరు చూసి, 12 లీడ్ల ఈసీజీ, ఎకో, థైరాయిడ్ పరీక్ష చేయించారు. నా వయసూ బీపీ లెక్కేసి రక్తం గడ్డకట్టకుండా గోలీలు రాశారు. గోలీలు అవసరమా కాదా అన్న నిర్ణయం వాచీ తీసుకోలేదు, తీసుకోజాలదు కూడా.

వాచీ ఈసీజీలోని ఈ రెండు చేతుల లెక్క కొత్తదేమీ కాదు. హాలండ్‌లో విల్లెం ఐంథోవెన్ 1903 నాటికే గుండె విద్యుత్తును గీతగా పట్టాడు. ఆ యంత్రం బరువు 270 కిలోల దాకా ఉండేదట, నడపడానికి ఐదుగురు కావాలి. రోగి చేతులూ కాలూ ఉప్పునీటి జాడీల్లో పెట్టుకుని కూర్చునేవాడు. 1924లో ఆయనకు నోబెల్ వచ్చింది. కుడి చేతికీ ఎడమ చేతికీ మధ్య తేడాను కొలిచే ఆయన మొదటి లీడే ఇప్పుడు నా వేలి కింద ఉన్నది. అంతకు ఎన్నో తరాల ముందు నుంచీ మన వైద్యులు నాడి పడుతూనే ఉన్నారు. తెలుగునాట పుట్టిన వైద్యగ్రంథం బసవరాజీయం నాడీ పరీక్షకు మొదటి ప్రకరణంలోనే చోటిచ్చింది. నిజాం కాలపు హకీములు నబ్జ్ చూడందే మందు ఇచ్చేవారు కాదు. వాళ్ల వేళ్లకు తెలిసింది వాళ్లతోనే పోయేది. వాచీ దాన్ని కాగితం మీద పెడుతోంది, ఆ కాగితం మనిషికంటే ముందు హైదరాబాద్ చేరుతోంది. కార్డియాలజిస్టు దూరంగా ఉన్న ఊళ్లకు ఇది నగరంలో కంటే ఎక్కువ విలువైనదని నా నమ్మకం.

వాచీ చెప్పిందల్లా జబ్బు కాదు. అమెరికాలో 4,19,297 మందితో చేసిన ఆపిల్ హార్ట్ స్టడీ ఫలితాలు 2019 నవంబరులో వచ్చాయి. వాళ్లలో హెచ్చరిక అందినవారు 0.52 శాతమే. 40 ఏళ్ల లోపు వారిలో ఇంకా తక్కువ, 65 దాటినవారిలో 3 శాతం పైన. హెచ్చరిక వచ్చాక ఛాతీకి పట్టీ అతికించి చూస్తే, 34 శాతం మందిలోనే ఫిబ్రిలేషన్ మళ్లీ కనిపించింది. వచ్చిపోయే జబ్బు మరి, మిగతావారికి లేదని తేల్చి చెప్పలేం. ఉందనీ చెప్పలేం. గుండెపోటును వాచీ అసలే పట్టలేదు. ఈ మాట మా వాడలో కనిపించిన ప్రతివాడికీ చెబుతున్నాను. ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, చేయి లాగుతుంటే వాచీ "సాధారణం" అన్నా సరే, 108కి ఫోన్ చేయాల్సిందే.

నా మనసు ఎక్కువగా ఇంకొకచోట ఉంది. మన దేశంలో ఈ జబ్బు నా వయసు వాళ్లతోనే ఆగదు. ఇండియన్ హార్ట్ రిథమ్ సొసైటీ నమోదు చేసిన రోగుల్లో దాదాపు సగం మందికి మూలం రుమాటిక్ గుండె జబ్బు. చిన్నతనంలో గొంతునొప్పి, ఆపై కీళ్లవాపులతో జ్వరం, ఏళ్లు గడిచాక కవాటం సన్నబడటం. అలాంటి కవాటంతో ఫిబ్రిలేషన్ కలిస్తే పక్షవాతం ముప్పు 17 రెట్లు. వాళ్లకు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందుల్లో పాతదే మేలని 24 దేశాల్లో జరిగిన ఇన్విక్టస్ పరిశోధన 2022లో తేల్చింది. ఆ మందు వేసుకుంటే రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతోందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష మాటిమాటికీ చేయించుకోవాలి. కూలి పోగొట్టుకుని, బస్సు ఛార్జీ పెట్టుకుని వెళ్లాలి. ముప్పై ఏళ్ల బీడీ కార్మికురాలికి ఇంత ఖరీదైన వాచీ ఎవరు కొనిస్తారు? నా చేతికున్నది నిజానికి ఆమె చేతికి ఎక్కువ అవసరం.

అందుకే వాచీ లేనివాళ్లకు వేళ్లతో చూసుకోవడం నేర్పుతున్నాను. బొటనవేలి మొదట్లో, మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి నిమిషం పాటు లెక్కపెట్టాలి. లెక్క ఒక్కటే చాలదు, కొట్టుకోలు సమంగా ఉందా, ముక్కలు ముక్కలుగా ఉందా చూడాలి. సమంగా లేకపోతే ఈసీజీకి పోవాలి. మిషన్లు వచ్చాక దవాఖానాల్లో బీపీ పట్టీ చుట్టి అంకె రాసుకోవడమే తప్ప, నాడి మీద చేయి వేసేవారు తగ్గిపోయారు. నిర్మల్‌లో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. అక్కడి పిల్లలు ఊళ్లకు వెళ్లినప్పుడు 65 దాటిన ప్రతి ఒక్కరి చేయీ, కీళ్లజ్వరం వచ్చి తగ్గిన ప్రతి యువతి చేయీ నిమిషం సేపు పట్టుకోవాలి. లయ తప్పినట్టు అనిపించినవాళ్లకు అదే పూట ఈసీజీ తీయించాలి.